పుట్టుదొంగలు ఉంటారా?



పోపులడబ్బాలో చిల్లర తీసిన పిల్లవాణ్ణి చూసి “వీడి పుట్టుకే అంత” అనేస్తారు చాలామంది. ఆ మాట ఎంత బరువైనదో ఎప్పుడైనా ఆలోచించారా?

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో చైనాలో మెన్షియస్ అనే తత్వవేత్త ఉండేవాడు. మనిషి స్వభావం మంచిదేనన్నాడాయన. పసివాడు బావిలో పడబోతుంటే చూసినవాళ్లెవరికైనా గుండె ఝల్లుమంటుంది కదా! అదేమీ మెప్పు కోసం కాదు. ఆ జాలే మంచితనానికి మొలక అన్నాడు.

మరి చెడ్డవాళ్లెలా అవుతున్నారంటారా? దానికి ఎద్దుకొండ సంగతి చెప్పాడు. ఆ కొండ నిండా ఒకప్పుడు చెట్లే. పట్నం దగ్గర కావడంతో జనం నరికేశారు. వచ్చిన చిగుళ్లను పశువులూ, మేకలూ మేసేశాయి. బోడికొండను చూసినవాళ్లు అక్కడ చెట్టే పుట్టలేదనుకున్నారు. ఖమ్మం జిల్లా పెనుబల్లి అడవి అంచున ఉండేవారికి ఇది వేరే చెప్పాలా? నరికిన టేకు మోడు కూడా పిలకలేస్తుంది. మేయనివ్వకుండా కాచుకుంటే మళ్లీ చెట్టవుతుంది.

తర్వాత వచ్చిన షున్‌జీ ఇందుకు ఒప్పుకోలేదు. మనిషి స్వభావం చెడ్డదేననీ, వంకరకర్రను ఆవిరిపట్టి సాపు చేసినట్టు చదువుతో దిద్దాలనీ అన్నాడు. చూశారా, వాదం ఎంత వేరైనా, చదువుతో మనిషి బాగుపడతాడన్న దగ్గర ఇద్దరూ కలిశారు!

ఇంగ్లీషు దొరలు ఆ ఆశ కూడా ఉంచలేదు. 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చి, కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకలవారిని ఉంచిన సెటిల్‌మెంటు ఆ రోజుల్లో వెలసిందే. అక్కడివాళ్లు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952లో చట్టం రద్దయింది గాని, “దొంగల ఊరు” అన్న పేరు మాత్రం పోలేదు.

1970ల్లో ఆ ఊరివాళ్ల మధ్యకు వెళ్లిన వారిలో ఒక స్త్రీ ఉన్నారు. ఆమె కవి గుర్రం జాషువా కుమార్తె, హేమలతా లవణం. భర్త లవణంగారితో కలిసి, నేరం చేసినవాళ్లను కూడా మనుషులుగానే చూసి, ఆ దారి విడిచి బతకడానికి తోడు నిలిచారు. మోడుకు కంచె కట్టడమంటే ఇదే కదూ!

రేపు మీ అబ్బాయి పక్కన బెంచీమీద అటువంటి ఊరి పిల్లవాడు కూర్చోవచ్చు. ఊరిపేరు విని దూరంగా కూర్చోమని మాత్రం చెప్పకండి. అప్పుడప్పుడే వేసిన చిగురును మేసే మేక, మన నోటి మాటే కావచ్చు.