ఉర్లు వేసేవాండ్లు: చిత్తూరు బాట నుంచి చేతిలో ఫోను దాకా

'ఠగ్' అనే మాట ఇంగ్లీషులోకి మన దగ్గరి నుంచే పోయింది. అక్కడికి పోయాక రౌడీ అనే అర్థం వచ్చింది. ఉర్దూలో మాత్రం ఠగ్ అంటే ముందు ఫరేబీ, అంటే నమ్మించి ముంచేవాడు. జబర్దస్తీ తర్వాతి సంగతి. ఈ తేడా తెలిస్తే ఇవాళ్టి ఫోను మోసాలు సగం అర్థమవుతాయి. ఆ కథలో మన చిత్తూరు కూడా ఉంది.

1807లో చిత్తూరుకూ ఆర్కాటుకూ మధ్య బాటలో ఒక ముఠా దొరికింది. వాళ్లు ట్రావన్‌కోర్ దాకా వెళ్లి, దోచిన సొమ్ముతో తిరిగి వస్తున్నారు. దక్షిణాన ఠగ్గుల గుట్టు బయటపడటం మొదలైంది అక్కడే. తర్వాతి ఏళ్లలో చిత్తూరు మేజిస్ట్రేట్ విలియం రైట్ వీళ్ల మీద తహ్‌కీకాత్ చేశాడు. 1816లో రిచర్డ్ షేర్‌వుడ్ అనే మద్రాసు డాక్టరు వీళ్ల గురించి పెద్ద వ్యాసం రాశాడు. ఉర్దూలో వీళ్లను ఫాన్సీగర్ అనేవాళ్లు. తెలుగువాళ్లు 'ఉర్లు వేసేవాండ్లు' అనేవాళ్లని షేర్‌వుడ్ రాసిపెట్టాడు.

వాళ్ల పద్ధతి చూడండి. కత్తి తీసుకుని ఎదురుగా రారు. మామూలు ముసాఫిర్లలా కలుస్తారు, సలాం చెప్తారు, క్షేమం అడుగుతారు. 'ముందు బాట మంచిది కాదు, దొంగల ఖౌఫ్ ఉంది, మాతో కలిసి నడవండి' అంటారు. బాటసారికి భయం పుట్టించేదీ వాళ్లే, హిఫాజత్ ఇస్తామనేదీ వాళ్లే. ఎతబార్ కుదిరాకే మెడకు రుమాలు పడేది.

ఇప్పుడు ఈ ఫోను వినండి. 'సార్, మేము మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది. మేము చెప్పినట్లు చేయండి, బాగు చేస్తాం.' ముందు ఖౌఫ్, తర్వాత హిఫాజత్. రెండు వందల ఏళ్లలో మారింది బాట ఒక్కటే.

ఈ ఫోను మోసం 2008 ప్రాంతంలో ఇంగ్లండ్, అమెరికా ఇళ్లకు మన దేశపు కాల్ సెంటర్ల నుంచి మొదలైంది. విండోస్‌లో 'ఈవెంట్ వ్యూయర్' అని ఒకటి ఉంటుంది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా అందులో ఎర్రగుర్తులు కనిపిస్తాయి, అది మామూలే. వీళ్లు దాన్నే తెరిపించి 'చూశారా, ఎన్ని వైరస్‌లో' అనేవాళ్లు. 2012లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ముఠాల మీద కేసులు వేసింది. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద మన సీబీఐ 'ఆపరేషన్ చక్ర–2' పేరుతో దేశమంతా సోదాలు చేసింది.

అప్పటికే ఆ ఉరి మన ఇళ్లకూ చేరింది. ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, దూరంగా కూర్చుని మన ఫోను నడిపించి ఖాతా ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. ఆ యాప్ తప్పుడుది కాదు, ఆఫీసుల్లో రోజూ వాడేదే. తప్పంతా దాని కోడ్ ఎవరి చేతికి ఇస్తున్నామన్నదాంట్లోనే ఉంది. గ్యాస్, బ్యాంకు, కొరియర్ కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికితే అక్కడా వీళ్లు పెట్టిన నంబర్లు తగులుతాయి. తిరుపతిలోనో మదనపల్లెలోనో ఇంట్లో అమ్మీ, అబ్బా ఇద్దరే ఉండి పిల్లలు బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉంటే, 'నేను సాయం చేస్తాను' అనే గొంతు ఇంకా తొందరగా నమ్మిస్తుంది.

షేర్‌వుడ్ రాసిన ఇంకో సంగతి మనం తప్పక తెలుసుకోవాలి. తమిళంలో ఈ ముఠాలకు 'ఉరి వేసే తురకలు' అనే అర్థం వచ్చే పేరుండేదట. కానీ ఆ ముఠాల్లో హిందువులూ ముస్లిములూ కలిసే ఉండేవాళ్లని ఆయనే రాశాడు. నేరం చేసింది ముఠా, బద్‌నామ్ అయింది ఖౌమ్. ఆ ఆలోచనే పెరిగి 1871 నేరస్థ తెగల చట్టం దాకా పోయింది, పుట్టిన పాపానికే కొన్ని కులాల మీద నేరస్థుల ముద్ర పడింది. అందుకే ఫలానా రాష్ట్రంవాళ్లు, ఫలానా మజ్‌హబ్‌వాళ్లు అని వెతికితే మోసగాడు దొరకడు. వాడు మన ఉర్దూలోనే 'ఖాలా' అని పిలుస్తాడు, మన యాసలోనే మాట్లాడతాడు. మనిషిని చూసి కాదు, తరీఖాను చూసి పోల్చుకోవాలి. మనం పిలవకుండానే వచ్చి, భయపెట్టి, తొందరపెట్టి, 'ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు' అంటే వాడు ఠగ్గే. మైక్రోసాఫ్ట్ తనంతట తాను ఫోను చేసి వైరస్ ఉందని చెప్పదు. స్క్రీన్ మీద వార్నింగ్‌తో పాటు ఫోన్ నంబరు కనిపించినా అదే మోసం.

రుమాలు పడ్డాక బాటసారికి నోరు లేదు. మనకుంది. కానీ ఇజ్జత్ పోతుందని చాలామంది నోరు మూసుకుంటున్నారు. 2017 జులై నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం మన పొరపాటు వల్ల డబ్బు పోయినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయేదానికి బాధ్యత బ్యాంకుది. చెప్పేదాకా పోయింది మనది. అంటే సిగ్గుపడి కూర్చున్న ప్రతి గంటకూ ఖరీదుంది.

కాబట్టి ఎవరైనా యాప్ వేసేసి ఉంటే ముందు నెట్ ఆపేయండి. ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి, వెంటనే 1930కి చేయండి. పాస్‌వర్డులు వేరే ఫోనులో మార్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఇలా మోసపోయామని చెప్తే దయచేసి కసురుకోకండి. కసురుకుంటే రెండోసారి మనకు చెప్పరు. నమాజ్ వేళల క్యాలెండర్ పక్కన గోడ మీద పెద్ద అంకెల్లో 1930 అని ఈరోజే రాసిపెట్టండి.