ఆరోగ్యవరానికీ డెన్మార్క్‌కూ చుట్టరికం

చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వైపు పెద్దవాళ్ళకు ఆరోగ్యవరం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. దగ్గు తగ్గక, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతూ, మనిషి రోజురోజుకూ చిక్కిపోతుంటే మదనపల్లె దగ్గరి ఆ శానిటోరియానికి తీసుకెళ్ళేవారు. చిక్కబళ్ళాపురంలోనే లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన ఆసుపత్రి, ఇప్పటి సీఎస్ఐ ఆసుపత్రి, ఉంది. కానీ క్షయ అనగానే అందరి నోటా వచ్చే పేరు ఆరోగ్యవరమే. మధ్యలో రాష్ట్రాల హద్దు ఉన్నా అటూ ఇటూ మాట్లాడేది మన తెలుగే కదా.

ఆ శానిటోరియాన్ని తొలిరోజుల నుంచి రెండు దశాబ్దాలకు పైగా నడిపిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్. ఆయనది డెన్మార్క్. నేను వచ్చి స్థిరపడిన దేశం కూడా అదే. అంత దూరం నుంచి మన ఎండల్లోకి ఆయన్ని ఏది తీసుకొచ్చిందో తెలియాలంటే ఈ దేశపు కథ కొంత చెప్పుకోవాలి.

1536లో డెన్మార్క్ రాజు లూథరన్ మతాన్ని రాజ్యానికి మతంగా చేశాడు. మఠాల ఆస్తులు రాజు చేతికి వచ్చాయి. అంతవరకు రోగుల్నీ బిచ్చగాళ్ళనీ చూసుకున్నది ఆ మఠాలే కాబట్టి, ఆ బరువు కూడా రాజు మీదా ఊరి చర్చి మీదా పడింది. చాలాకాలం ఆ బాధ్యత అంతంతమాత్రంగానే సాగింది. 1757లో కోపెన్‌హాగన్‌లో ఫ్రెడరిక్ ఆసుపత్రి తెరిచి పేదలకు ఉచితంగా వైద్యం చేయడం మొదలుపెట్టారు. అదే కాలంలో ఈ దేశపు ఓడలు ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా కరీబియన్ దీవులకు మోసుకెళ్ళేవి. ఈ రెండూ ఒకే దేశం చేసిన పనులే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు చేతకాదు.

తత్త్వవేత్త కీర్కెగార్డ్ చనిపోయింది ఆ ఫ్రెడరిక్ ఆసుపత్రిలోనే, 1855లో, 42 ఏళ్ళ వయసులో. పొరుగువాణ్ణి ప్రేమించడం మనసుకు తోచినప్పుడు చేసే దయ కాదనీ, మనిషి నెరవేర్చి తీరాల్సిన విధి అనీ ఆయన 1847లో ఒక పుస్తకమే రాశాడు. ఈ దేశంలో తర్వాత జరిగిన పనులు చూస్తుంటే నాకు పదే పదే గుర్తొచ్చేది ఆ ఆలోచనే.

1863లో, అప్పటికి ఇంకా యువరాణిగా ఉన్న లూయిస్ పూనుకోవడంతో కోపెన్‌హాగన్‌లో డీకనెస్‌ల, అంటే చర్చి తరఫున సేవ చేసే ఆడవాళ్ళ, సంస్థ మొదలైంది. దాని మొదటి అధిపతి లూయిస్ కాన్రింగ్ ఈ దేశంలో శిక్షణ పొందిన మొట్టమొదటి నర్సు. రోగి పక్కన కూర్చోవడం, పుండు కడగడం, పక్క మార్చడం అప్పటిదాకా దిక్కులేనివాళ్ళకు అప్పగించే పనులు. వాటినే ఆ ఆడవాళ్ళు క్రీస్తు సేవగా ఎంచుకుని, పద్ధతిగా నేర్చుకుని చేశారు.

ఆ రోజుల్లో ఇక్కడి పట్టణాల్లో క్షయ మనుషుల్ని నిలువునా మింగేస్తోంది. 1900లో వైలేఫ్యోర్డ్ శానిటోరియం తెరిచిన డాక్టర్ సాగ్‌మన్ కూడా ఒకప్పుడు క్షయ రోగే. 1901లో క్షయ నివారణకు జాతీయ సంఘం ఏర్పడింది. ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఐనార్ హోల్‌బోల్ అనే తపాలా ఉద్యోగి, క్రిస్మస్‌కు వచ్చిపడే ఉత్తరాల గుట్టలు చూసి ఒక ఉపాయం ఆలోచించాడు. ప్రతి ఉత్తరం మీదా స్టాంపుతో పాటు ఇంకో చిన్న బిళ్ళ అతికిస్తే, ఆ డబ్బుతో జబ్బుపడ్డ పిల్లలకు శానిటోరియం కట్టొచ్చు కదా అని. రాజు ఒప్పుకున్నాడు. 1904లో వచ్చిన మొదటి బిళ్ళ మీద ఉన్న బొమ్మ అదే లూయిస్ రాణిది. వెల రెండు ఓరెలు, అంటే చిల్లర డబ్బులు. నలభై లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. 1911లో కోల్డింగ్‌లో పిల్లల శానిటోరియం లేచింది. మన దేశంలో 1950 నుంచి బళ్ళలో పిల్లల చేత కొనిపించిన టీబీ సీళ్ళు ఆ బిళ్ళ సంతతే.

క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ వచ్చింది ఇలాంటి దేశం నుంచే. మన వైపు 1915లో ఆరోగ్యవరం తెరుచుకున్నప్పుడు దాని వెనుక ఒక్క మిషన్ లేదు, చాలా మిషన్లు కలిసి నిలబడ్డాయి. అప్పటికి క్షయకు మందు లేదు. గాలి వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి, దగ్గరుండి చూసుకునే మనిషి, అంతే వైద్యం. మిషన్ల వాళ్ళు మతం చెప్పడానికే వచ్చారు, అందులో దాపరికం లేదు. కానీ సొంతవాళ్ళే గడప బయట పడుకోబెట్టిన మనిషికి అక్కడ ఒక మంచం, పలకరించే గొంతు దొరికాయి. యోగి కైవారం తాతయ్య తత్త్వాలు పాడిన నేల మనది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అంటుజబ్బు వచ్చినవాడి పక్కన కూర్చోవడం దగ్గరే మనం వెనకాడాం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ బంధం ఇంకా గట్టిపడింది. డెన్మార్క్ రెడ్‌క్రాస్ ముందుండి, స్వీడన్, నార్వే సంస్థలతోనూ యూనిసెఫ్‌తోనూ కలిసి దేశదేశాల్లో క్షయకు అడ్డుగా బీసీజీ టీకాలు వేయించింది. మన దేశంలో 1948లో ఆ పని మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆరోగ్యవరం నుంచి, క్రిస్టియన్ ఇంటిపేరే ఉన్న యోహానెస్ ఫ్రిమోడ్ట్ మోలర్ బృందం ఏళ్ళ తరబడి చుట్టుపక్కల పల్లెలు తిరిగి, ఎక్స్‌రేలు తీసి, జబ్బు ఎవరికి ఎలా వస్తోందో రాసిపెట్టింది. టీకాను వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో రాజాజీ ఒకరు. తర్వాత మందులొచ్చాయి. ఇంట్లో ఉండి మందులు మింగినా శానిటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని 1950ల చివరికి మద్రాసు పరిశోధన తేల్చింది. 1959లో బెంగళూరు బళ్ళారి రోడ్డులో జాతీయ క్షయ సంస్థ వెలిసింది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి నుంచి బెంగళూరుకు పోయేది ఆ రోడ్డు మీదే.

మందు దొరికింది కానీ జబ్బు పోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. సంబంధాలు తప్పిపోతాయని, పనిలోంచి తీసేస్తారని ఇప్పటికీ దాచిపెడుతున్నారు. అందుకే మన తాలూకాల వాళ్ళందరినీ అడుగుతున్నాను. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తెమడ పరీక్షా మందులూ ఉచితం. మామూలు క్షయ అయితే ఆరు నెలల మందులతో నయమవుతుంది, మధ్యలో మాత్రం ఆపనివ్వకండి. ఆ ఆరు నెలలూ ఆ మనిషికి వేరే కంచం పెట్టి దూరంగా కూర్చోబెట్టకండి.