తొక్కుడు పెట్టె పూర్వకథ



ముప్పై అయిదేళ్ళు గణవిభజనలు చేయించిన తెలుగు పండితుడికి విద్యుత్తు గిటారుతో ఏమి పని అని మీరు అడగవచ్చును. అడగదగిన ప్రశ్నే. ఒక ఇంగువ డబ్బా కారణంగా నేనీ విషయం తెలుసుకోవలసి వచ్చింది. దాని కథ చివర చెబుతాను. ముందు చరిత్ర.

గిటారు వాయించేవారు కాలికింద పెట్టుకొని తొక్కే చిన్న పెట్టెలు కొన్ని ఉన్నవి. వాటిలో మిక్కిలి సులువైనదాన్ని బూస్టు పెడల్ అంటారు. మా ఇంట్లో బూస్టు అనగానే పాలలో కలిపే పొడి గుర్తుకు వస్తుంది గాని ఇది అది కాదు. తీగనుండి వచ్చే బలహీనమైన సంకేతానికి బలమిచ్చి పంపడమే దీని పని. 'పెడల్' శబ్దానికి మూలమైన లాటిన్ మాటకూ మన 'పాద' శబ్దానికీ చుట్టరికముంది. పద్యానికి పాదం, మంచానికి పాదం ఉన్నట్లే వాద్యానికీ ఒక పాదం.

అయినా కాలితో ధ్వనిని పెంచడం మన సీమకు కొత్త సంగతి కాదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక ఆడించేవాడు కాలికింద చెక్క వేసుకొని, యుద్ధఘట్టం రాగానే దానిని ధనధన తొక్కుతాడు. రెండు చేతులూ బొమ్మలకు చిక్కుకొని ఉంటాయి, నోరు పద్యానికి చిక్కుకొని ఉంటుంది, ఖాళీగా మిగిలింది కాలొక్కటే. గిటారువాడి ఇబ్బందీ సరిగ్గా ఇదే. ఆ బొమ్మలాట వంశాలవారే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శించి నాటకరంగానికి వచ్చినారు. వనారస గోవిందరావుగారి పేర ఆ సురభి సమాజం నేటికీ స్మరింపబడుతున్నది. తరువాత పద్యనాటకాలకు కాళ్ళ హార్మోనియం వచ్చింది. హార్మోనిస్టు రెండు పాదాలతో తిత్తులు తొక్కుతూ, రెండు చేతులతో మెట్లు పలికించేవాడు. నటుడి గొంతు సన్నగిల్లినప్పుడు ఆయన పాదాలు వేగిరపడేవి. మా నాయనగారు ఆ పని చాలాకాలం చేసినారు కనుక ఈ మాట చూసి చెబుతున్నాను. ఆయన మడమలు బండబారి ఉండేవి.

ఆ కాలపు నటుడికి గొంతే ఆస్తి. వెనుక వరుసలో చాపమీద కూర్చున్న రైతుకు పద్యం వినబడకపోతే వన్స్‌మోర్ మాట దేవుడెరుగు, రాళ్ళు పడేవి. 1930ల దశకంలో కాంగ్రెసు మహాసభలలో చికాగో రేడియోవారి లౌడుస్పీకర్లు మోగనారంభించినవి. 1940లో అహూజావారి సంస్థ పుట్టింది. క్రమంగా ప్రతి పెద్ద ఊరిలోను ఒక మైకుసెట్టు దుకాణం, వేపచెట్టుకు కట్టిన ఒక గొట్టం. మైకు రాకతో గొంతు పెంచవలసిన అవసరం తగ్గింది, గొంతు పెంచే సాధనా తగ్గింది. మా నాయనగారు దీనిని జీవితాంతం క్షమించలేదు. "మైకు ముందర ప్రతివాడూ రాఘవాచారే" అనేవారు, బళ్ళారి రాఘవను తలచుకొని. ఈ అభిప్రాయం నాకూ వారసత్వంగా వచ్చింది. అదే తరువాత ఒక తప్పు చేయించింది.

గిటారు సంగతికి వద్దాము. బోలు కర్రపెట్టె గిటారు బృందవాద్యంలో మునిగిపోతూండేది. 1930ల ఆరంభంలో అమెరికాలో జార్జి బోషాం, రికెన్‌బాకర్ కలిసి అయస్కాంతమూ రాగితీగ చుట్టా అమర్చిన గిటారును తయారుచేసినారు. ఉక్కుతీగ అయస్కాంతం మీద కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. అది వోల్టులో పదోవంతుకు అటూ ఇటూ. అంత అల్పమైనదాన్ని స్పీకరు కదిలేటంత పెద్దది చేయడానికి యాంప్లిఫైయరు కావాలి. 1947లో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్‌లు ట్రాన్సిస్టరును కనుగొన్నాక ఈ పెంచే పని వేలెడు పెట్టెలో ఇమిడింది.

1960ల నడుమ లండనులో డల్లాస్ సంస్థవారు రేంజిమాస్టరు అనే పెట్టె అమ్మినారు. లోపల ఒకే ఒక జర్మేనియం ట్రాన్సిస్టరు, ఓసీ 44. అది కాలితో తొక్కేది కాదు, యాంప్లిఫైయరు నెత్తిన కూర్చునేది. దాని ముంగిట పెట్టిన కెపాసిటరు మరీ చిన్నది కావడంతో మంద్రస్వరాలు గడపదగ్గరే ఆగి, తారస్వరాలు మాత్రం లోపలికి పోయి పెరిగి వచ్చేవి. క్వీన్ బృందపు బ్రయన్ మే ఇటువంటి పెట్టెనే వాడినాడు. అతని గిటారు మరీ విచిత్రం. 1963లో మొదలుపెట్టి తండ్రీ కొడుకులు పాత పొయ్యిగూటి దూలం చెక్కి చేసుకొన్నది. ఆ దశకం చివర న్యూయార్కులో మైక్ మాథ్యూస్ ఎలెక్ట్రో హార్మోనిక్స్ స్థాపించి ఎల్‌పీబీ 1 అనే పెట్టె తెచ్చినాడు. దానిని రూపొందించిన బాబ్ మయర్ బెల్ ప్రయోగశాల మనిషే. ఒక సిలికాన్ ట్రాన్సిస్టరు, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూము బిరడా, తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ట్రాన్సిస్టరుకు పైన పదివేల ఓముల రెసిస్టరు, కింద 390 ఓములది. పైదానిని కిందిదానితో భాగించితే సుమారు ఇరవై అయిదు. చిల్లర నష్టాలు పోగా ఇరవై రెట్లు సంకేతం పెరుగుతుంది. నిఘంటువు చూసి అర్థం చెప్పినంత తేలికగా ఈ లెక్క కుదరడం చూసి నాకు ముచ్చట వేసింది.

అయితే ఇది శబ్దాన్ని పెద్దది చేయడంతో ఆగదు. యాంప్లిఫైయరు మోయగలిగినంత మోస్తూండగా ఇంకా బలం తోస్తే తరంగాల శిఖరాలు తెగి చదునవుతాయి. ఆ తెగినచోట మూలస్వరంలో లేని పైస్వరాలు పుడతాయి. కోత మెల్లగా మొదలైతే చెవికి ఇంపు, మరీ ఎక్కువైతే రోత. గంట కొట్టిన తరువాత వెంటవచ్చే అనురణనాన్ని ధ్వనికి పోలికగా చెప్పిన ఆనందవర్ధనుడు గుర్తుకు రాలేదంటే అబద్ధమవుతుంది. పోలికను అంతకు మించి లాగను.

మన ప్రాంతంలో గిటారు వినబడిన చోట్లు ఏవి? చర్చీలలో ఆదివారం పాటలు, పెళ్ళిళ్ళలోను వినాయకచవితి పందిళ్ళలోను సినిమా పాటల ఆర్కెస్ట్రాలు. కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసులో కవాలీ వినేవారికి హార్మోనియం, తబలా ఎంత ముఖ్యమో మైకుసెట్టూ అంతే ముఖ్యం. గిటారుకని ప్రత్యేకంగా చేసిన యాంప్లిఫైయరు కొనే స్తోమత నేనెరిగిన ఆర్కెస్ట్రావాళ్ళలో ఎవరికీ లేదు. ఉన్నది మైకుసెట్టువాడి పేటీయే. గిటారు వైరును దాని మైకు రంధ్రంలో పెడితే స్వరం మొద్దుబారుతుంది, టేపురికార్డరు రంధ్రంలో పెడితే వినబడనే వినబడదు. ఈ రెండింటి నడుమ ఒక ట్రాన్సిస్టరు పెట్టె ఉంటే చిక్కు విడుతుంది. విలాయతీ పెట్టె ఇక్కడికి ఎవరు తెస్తారు? విడిభాగాలు మాత్రం దొరికేవి. బెంగుళూరు భారత్ ఎలెక్ట్రానిక్స్‌వారు 1960ల నుండి ట్రాన్సిస్టర్లు తయారుచేస్తూండేవారు. 1963లో కడపలో ఆకాశవాణి వచ్చినాక ఇంటింటా రేడియో, సందుకొక రేడియో మెకానిక్కు. అతని దగ్గర లేనిది మద్రాసు రిచీ వీధిలో ఉండేది.

ఇక డబ్బా కథ. 1986లో నేను కర్నూలు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో ఉన్నాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు చర్చిలో గిటారు వాయించేవాడు. ఛందస్సు నోటుపుస్తకం దిద్దుతూంటే వాడి గురులఘువుల నడుమ వంకర గీతలు, పక్కపక్కన రెండేసి నిలువుగీతలు కనబడినవి. ఉత్పలమాలలో ఇన్ని లఘువులు ఎక్కడివిరా అని అడిగితే నవ్వినాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకొన్నాను. అవి రెసిస్టర్ల, కెపాసిటర్ల గుర్తులని నాకేమి తెలుసును? సంచి వెదికితే ఇంగువ డబ్బా ఒకటి దొరికింది, లోపల వైర్లు. వార్షికోత్సవం మరుసటి దినమే. "నా గిటారుది సార్, అది లేకుంటే వినపడదు" అన్నాడు. "చేతిలో విద్య ఉంటే వినబడుతుంది, డబ్బాతో ఏమిటి" అన్నాను. అది మా నాయనగారి మాట. డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసినాను.

మరునాటి రాత్రి డోలు, హార్మోనియం నడుమ ఆ పిల్లవాడి వేళ్ళు కదలడం అందరికీ కనబడింది. వినబడలేదు. ముందు వరుసలో ఎవరో "కొట్టు నాయనా, ఊరికే గోకుతావేమి" అంటే అందరూ నవ్వినారు. వాడు డబ్బా మళ్ళీ అడగలేదు. నేను ఇవ్వనూ లేదు. బదిలీ అయినప్పుడు అది నా పెట్టెలో పడి నాతో వచ్చింది.

పదవీ విరమణ తరువాత 2018లో పుస్తకాలు సర్దుతూంటే బయటపడింది. కర్నూలులో రేడియోలు బాగుచేసే ఒక ముసలి సాయిబు దగ్గరకు తీసుకుపోయినాను.

"ఏం అయ్యవారూ, ఇంగువ తెచ్చినారా?" అని మూత తీసి, చాలాసేపు మాట్లాడలేదు. బ్యాటరీ కారి పచ్చగా తుప్పు పట్టింది. "ఎవురు చేసినారో గానీ తెలివైనోడు. రేకు డబ్బా ఎందుకు తీసుకున్యాడో తెలుసునా? కరెంటు గుయ్యిమనే శబ్దం లోపలికి రాకుండా. ఈ స్విచ్చి చూడండి, లారీది. హెడ్‌లైటు డిమ్ము కొట్టేకి డ్రైవరు కాలితో తొక్కుతాడే, అది."

లోపల బీసీ 148 ట్రాన్సిస్టరు ఒకటి. అది చచ్చిపోయింది. అది ఇప్పుడు దొరకదని బీసీ 547 వేసి, కాళ్ళ వరుస వేరు కనుక తిప్పి అతికినాడు. ట్రాన్సిస్టరుకూ కాళ్ళే అంటారు. కొత్త బ్యాటరీ పెట్టి, అర మిల్లీ యాంపియరు కూడా తాగదు, నెలల తరబడి వస్తుందన్నాడు. నూటయాభై రూపాయలిస్తే నూరే తీసుకొన్నాడు.

ఆ విద్యార్థి ఆచూకీ పాత హాజరుపట్టీ మిత్రుల ద్వారా దొరకడానికి మరో ఏడాది పట్టింది. కడపలో ఉన్నాడు, కరెంటు శాఖలో ఉద్యోగం. యాభైకి దగ్గరపడిన మనిషి. ఇంటికి పోయి డబ్బా చేతిలో పెట్టి, నాది తప్పు నాయనా అన్నాను. అతడు దానిని తిప్పి చూసి ముందు వాసన చూసినాడు. గిటారు అటకమీద ఉన్నదట. దించి దుమ్ము తుడిచినాడు. రెండు తీగలు తెగి ఉన్నవి. మిగిలిన నాలుగింటితోనే వాయించి, స్విచ్చి తొక్కినాడు. వంటింట్లోనుండి అతని భార్య "ఏందయ్యా అది, పిల్లోడు చదువుకుంటాండాడు, తగ్గియ్" అని కేకవేసింది.

"వినపడిందా సార్?" అన్నాడు.