వికారాబాద్, తాండూరు

తెలంగాణ పడమటి అంచున, ఒకే రైలు మార్గం మీద, సుమారు 40 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు పట్టణాలు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాకు మొదటిది కేంద్రం. వ్యాపారం మాత్రం తాండూరుదే. జిల్లా ఒకటే గదా అని రెంటినీ ఒకే గాటన కట్టలేం. అనంతగిరి గుట్టల మీద పడిన వాన తూర్పుకు జారితే మూసీ అయి హైదరాబాదు చేరుతుంది. పడమటికి జారితే కాగ్నా అయి, తాండూరు పక్కగా కన్నడ సీమకు పోయి భీమలో కలుస్తుంది. ఊళ్ల చరిత్రా చాలాకాలం ఈ వాలునే పట్టి నడిచింది.

వికారాబాద్ పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రాది. ఫలక్‌నుమా కట్టించినదీ, 1893 నుంచి 1901 దాకా నిజాం దివాన్‌గా ఉన్నదీ ఆయనే. గుట్టమీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. మూసీకి ముచుకుంద నది అన్న పేరు తెచ్చిన ముచుకుందుడి కథ ఇక్కడిదే. నిజాం కాలంలోనే గుట్టపై క్షయ ఆసుపత్రి వెలిసింది. ఇక్కడి హవా లక్షల మంది రోగులకు దవా అని ఉర్దూలో నానుడి.

తాండూరు కథ వేరు. 1956 నవంబరు 1 దాకా అది గుల్బర్గా జిల్లాలో తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో కొడంగల్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు గానీ, 2016లో గానీ అది కన్నడ పొరుగును వదులుకోలేదు. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. ఊళ్లో పెద్ద పండుగ భావిగి భద్రేశ్వరుడి జాతర, రథోత్సవం.

తాండూరు అసలు కళ రాతిలో ఉంది. మల్కాపూర్, ఓగిపూర్, కరన్‌కోట్ గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందులో ఉలి పెట్టి సమ్మెటతో కొడితే, పుస్తకంలో పుట విప్పినట్టు బండ విడివడుతుంది. ఎండలో బూడిద రంగు బండే, నీళ్లు చల్లితే నీలంగా తేలుతుంది. తెలుగు నేలన ఎన్ని ఇళ్ల అరుగుల మీద పరిచారో లెక్కకట్టడం కష్టం. ఇదే సున్నపురాయి కరన్‌కోట్‌లో సిమెంటుగా మారుతుంది. దానిపై పరుచుకున్న నల్లరేగడిలో కంది పండుతుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అనంతగిరి చుట్టూ నేల ఎర్రది. అక్కడ ఈ రాయీ లేదు, ఈ కందీ లేదు.

1874లో వాడి, సికింద్రాబాద్‌ల మధ్య రైలు నడిచాక ఊళ్లు రెండూ దగ్గరయ్యాయి. తర్వాత బీదర్ వైపు లైను చీలడంతో వికారాబాద్ జంక్షన్ అయింది. బండల సరుకు మాత్రం తాండూరులోనే ఎక్కుతుంది.