తరువాతి కథ ఏది?

కథ యొకటి ముగిసినంతనే తరువాతిది ఏదని అడుగుట తెలుగువారికి క్రొత్త గాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి (1868–1928) కాశీమజిలీ కథలు ఆ ప్రశ్నమీదనే నిలిచినవి. మణిసిద్ధునికి కాశీయాత్రలో తోడువచ్చుటకు గొల్లపిల్లవాడు పెట్టిన షరతు మజిలీకొక కథ చెప్పుమనియే. వాడు ఊరు తిరిగి ఏదో వింత చూచి వచ్చును. దాని కథ చెప్పుమని పట్టుపట్టును. ఏ కథ చెప్పవలెనో నిర్ణయించునది పండితుడు గాదు, పసులకాపరి. అట్లు పన్నెండు భాగములు నిండినవి.

చదువరికి అంతటి స్వేచ్ఛ యెక్కడిది? ఆనాటి గుంటూరు మండలపు పల్లెలలో పుస్తకము దొరకుటయే గొప్ప. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములను పల్లెలకు త్రిప్పినారు. పడవలో ఉన్నదే చదువుట, లేనిదానికై పడవ మరల వచ్చువరకు ఎదురుచూచుట. ప్రత్తి, మిరప పండు మెట్టయూళ్లకు ఆ కాలువయు లేదు.

మెట్టకును మాగాణికిని తపాలాలో సమానముగా కథను చేర్చినది మాసపత్రిక. చందమామ 1947 జూలైలో మద్రాసున పుట్టినదన్నమాటే గాని, దానివెనుక తెనాలి చేయి ఉన్నది. స్థాపకులలో ఒకరైన చక్రపాణిగారు, 1952 నుండి సంపాదక భారము మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలివారే. ఆ కార్యాలయముననే పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యముగారు తెనాలి తాలూకా పెదగాదెలవర్రులో జన్మించినారు. ఆయన తోకచుక్క 1954లో ఆరంభమైనది. పిమ్మట మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ! ప్రతినెలయు కథ ప్రాణాపాయముకడ ఆగును. ఆ నెలదినములు ఇంటిల్లిపాదియు తరువాత జరుగబోవునది ఊహించుటలో గడపుదురు. ఆ ఊహయు చదువులో భాగమేయని నా తలంపు. పుస్తకముగా ఒక్కమారు చదువువారికి అది దక్కదు.

ఇందొక విచిత్రము కలదు. నేటి పాఠకుడు ఒక నవల నచ్చినచో అదే రచయిత పేరుతో మరొకటి వెదకును. చందమామ ఈ ధారావాహికలకు రచయిత పేరు వేయలేదు. బాలపాఠకులకు ఆనవాలు చిత్రాగారి బొమ్మలే. కొమ్ముల శిరస్త్రాణములు, వికృతాకారముల మృగములు, కొండగుహలు కనబడినచో ఇది మనకు కావలసిన కథయే యని పోల్చుకొనెడివారు.

రాకాసిలోయ ముగిసిన పిదప బంకించంద్రుని దుర్గేశనందిని వచ్చినది. అది గొప్ప నవల, సందేహము లేదు. కాని మాంత్రికులకు అలవాటుపడిన పిల్లలకు రాజపుత్రుల ప్రణయమేల? పత్రిక చెలామణి తగ్గెననియు, అందువలననే మాంత్రికులను మరల పిలిచిరనియు చందమామ అభిమానులు చెప్పుకొందురు. ఏమైనను 1966లో పాతాళదుర్గము మొదలైనది. అటుపైని శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూక మాంత్రికుడు. గొల్లపిల్లవాని పట్టుదల ఇక్కడను గెలిచినదనవలెను.

సుబ్రహ్మణ్యముగారు 2010లో కాలధర్మము చెందినారు. ఆయన పేరు చాలమందికి తెలిసినది వారు పెద్దవారైన పిమ్మటనే. అంతకుముందే అనేక గృహములలో పాత సంచికలనుండి కథాభాగములను విప్పి, వరుసగా కుట్టి, అట్టవేసి దాచుకొన్నారు. ఆ కుట్టిన పుస్తకములకు ముఖపత్రము లేదు. అట్టమీద ఇంటివారు సిరాతో వ్రాసికొన్న కథపేరే వానికి గుర్తు.