పది మందికి తక్కువైన చోట: సీతాఫల్‌మండి దుకాణాలు, రాష్ట్ర చట్టం

హైదరాబాద్ నగరంలోని సీతాఫల్‌మండిలో రెండు రకాల ఉద్యోగాలు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో రైల్వే ఉద్యోగి: జబ్బు చేస్తే లాలాగూడ రైల్వే ఆసుపత్రి ఉంది, ఊరెళ్లాలంటే పాసుంది. పక్కింట్లో బట్టల దుకాణం సేల్స్‌మన్: రెండు రోజులు జ్వరమొచ్చి పడుకుంటే నాగా కింద జీతం కోత. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. అక్కడి కార్మికులు తరతరాలుగా సంఘాలు కట్టి తమ హక్కులు నిలబెట్టుకున్నారు. ముగ్గురు నలుగురు పనిచేసే దుకాణంలో గుమాస్తాకు అంత సంఘబలం ఉండదు. అయితే అతనికీ చట్టం ఉంది. అది ఢిల్లీ చట్టం కాదు, రాష్ట్ర చట్టం.

కేంద్రం ఇచ్చే పెద్ద రక్షణల్లో చాలావరకు తలల లెక్క మీద నడుస్తాయి. పీఎఫ్‌కు కనీసం ఇరవై మంది ఉండాలి. ఈఎస్ఐకి, గ్రాట్యుటీకి పది మంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లూ ఈ గీతలను చెరపలేదు. నియామక పత్రం తప్పనిసరి చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా మామూలుగా పది మంది, ఆపైన ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. కిరాణా, మందుల షాపు, టిఫిన్ సెంటర్, సెల్‌ఫోన్ రిపేరు కొట్టు, ఇలా మండి బజారులో కనిపించే దుకాణాల్లో చాలావరకు ఆ గీతకు కిందే ఉండిపోతాయి.

గీత కింద ఉన్నవారికి దిక్కు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ఆ చట్టాన్ని విభజన తర్వాత తెలంగాణ తనదిగా చేసుకుంది. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి 1951లోనే ఇలాంటి చట్టం ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో 1947 నాటి మద్రాసు చట్టం నడిచేది. ఆ రెండింటి స్థానంలో 1966లో ఒకే చట్టం వచ్చింది, దాన్ని తిరగరాసిందే 1988 చట్టం. ఒక్క మనిషిని జీతానికి పెట్టుకున్న దుకాణానికి కూడా ఇది వర్తిస్తుంది. దీని అసలు విలువ ఇక్కడే ఉంది.

పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. అంతకు మించితే ఓటీకి రెట్టింపు జీతం. వారానికో రోజు సెలవు, దానికి జీతం కోయకూడదు. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవారికి ఆ తర్వాతి ఏడాది 15 రోజులు జీతంతో సెలవు. వాడుకోకపోతే అవి 60 రోజుల దాకా జమవుతాయి. ఇవి కాక, చేరిన మొదటి ఏడాది నుంచే జబ్బుకో, మరో సరైన కారణానికో ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు. అంటే ఇందాకటి సేల్స్‌మన్ జ్వరానికి పడిన కోత చట్టం ముందు నిలవదు.

అన్నిటికన్నా బరువైనదీ, అన్నిటికన్నా తక్కువమందికి తెలిసినదీ 47వ సెక్షన్. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా నెల జీతమివ్వాలి. ఏడాది నిండితే, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం చొప్పున సర్వీసు పరిహారం కూడా ఇవ్వాలి. ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే ఆ డబ్బు అతని మీద ఆధారపడినవారికి చెందుతుంది. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్లు ఆగాలి, దీనికి ఏడాది చాలు.

నెలకు 14,000 జీతంతో తొమ్మిదేళ్లు కౌంటర్ దగ్గర నిలబడిన మనిషిని అనుకుందాం. సుమారు లెక్కన ఏడాదికి 7,000, మొత్తం 63,000 రూపాయలు. పండక్కి సేఠ్ చేతిలో పెట్టే బోనస్‌లా దయతో ఇచ్చేది కాదిది, బాకీ. పొమ్మన్న రోజు ఈ లెక్క అడిగే గుమాస్తాలు చాలా అరుదు.

2025 జులై 5 నాటి రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు రోజుకు పది గంటల పనికి వీలిచ్చింది. అది దుకాణాలకు కూడా అనుకుంటే పొరపాటే. ఆ ఉత్తర్వు వాణిజ్య సంస్థలకు మాత్రమే. దుకాణాలను అందులోనే స్పష్టంగా మినహాయించారు. వారానికి 48 గంటల హద్దు అక్కడా అలాగే ఉంది.

ఈ హక్కులన్నీ రాష్ట్ర చట్టం నుంచి వచ్చినవే. మన దగ్గర నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఇస్తుంది, ఫీజు తీసుకుంటుంది. సెలవుల జోలికి పోదు. అమెరికాలో దారి వేరు. జీతంతో జబ్బు సెలవును 2006లో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లే నగర చట్టంగా గెలిపించుకున్నారు. న్యూజెర్సీలో ముందు జెర్సీ సిటీ లాంటి నగరాలు కదిలాయి, 2018లో రాష్ట్రమంతటికీ ఒకే చట్టం వచ్చింది. 30 గంటల పనికి ఒక గంట చొప్పున ఏడాదికి 40 గంటల దాకా సెలవు జమవుతుంది, ఎంతమంది పనిచేస్తున్నారన్న లెక్క లేదు. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఇడ్లీపిండి అమ్మే కొట్టులో గంటల జీతానికి పనిచేసే కుర్రాడికీ అది వర్తిస్తుంది. మన దక్షిణాదిలోనే కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణ ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలో రాశాయి. కేరళలో ఆ హక్కు కోసం ముందుగా గొంతెత్తింది కోళికోడ్ వీధుల్లోని సేల్స్‌గర్ల్స్.

సీతాఫల్‌మండిలో కొరత చట్టానిది కాదు, రుజువుది. హాజరు రిజిస్టరు, జీతాల రిజిస్టరు యజమానే ఉంచాలి. నియామక పత్రం లేని మనిషి లేబర్ ఆఫీసు మెట్లెక్కితే మొదట ఎదురయ్యే ప్రశ్న: ఎప్పటి నుంచి పనిచేస్తున్నావు, కాగితమేది? జీతం చేతికిచ్చిన కాలంలో దీనికి జవాబు దొరికేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల జీతం ఫోన్‌పేలో పడుతోంది. నెలనెలా ఒకే నంబరు నుంచి వచ్చిన మొత్తాలు బ్యాంకు స్టేట్‌మెంటులో ఏళ్ల తరబడి వరుసగా ఉంటాయి. వాట్సాప్‌లో "రేపు తొమ్మిదింటికి షాపు తీయి" అన్న మెసేజ్ కూడా సాక్ష్యమే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని కార్మిక భవనానికి, కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి అయిన టి. అంజయ్య పేరు పెట్టారు. ఆ భవనంలోని కార్మిక శాఖ దుకాణాల లేబర్ లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు ప్రతి ఉద్యోగి నియామక పత్రం నకలునూ ఆన్‌లైన్‌లో జతచేయమని అడిగితే, కొత్త చట్టమేమీ అక్కర్లేకుండానే 47వ సెక్షన్ ఈ బజారులోకి వస్తుంది.