రంగస్థలపద్యగానము – వాఙ్మయచరిత్రమున దాని స్థానము

ఉదయగిరి యనఁగానే చరిత్రాభ్యాసకులకు 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు సాధించిన దుర్గవిజయమును, ఆయన యచ్చటినుండి విజయనగరమునకుఁ గొనిపోయి ప్రతిష్ఠించిన బాలకృష్ణవిగ్రహమును జ్ఞప్తికి వచ్చును. ఆ దుర్గమునకుఁ జేరువనున్న వరికుంటపాడు మొదలగు మెట్టపల్లెలలోని సేద్యగాండ్రకును కూలివాండ్రకును తెలుఁగుపద్యము ఏ మార్గమునఁ జెవి సోఁకినదను ప్రశ్నమును మాత్రము మన వాఙ్మయచరిత్రకారులు వేసికొన్నట్లు కానరాదు. 1931వ సంవత్సరపు జనపరిగణనమును బట్టి హిందూదేశమున నక్షరాస్యులు నూటికిఁ బదుగురికి లోపు. ఐనను అక్షర మెఱుఁగని రైతు కృష్ణరాయబారపుఁ బద్యములను వరుస తప్పక యప్పగించుట తెలుఁగుదేశమున వింత కాదు. శ్రీరామనవమికో, శివరాత్రికో, గ్రామదేవత కొలుపునకో పందిరి వేసి తెల్లవాఱుదాఁక నాడించిన నాటకములే యాతనికి బడి. అందలి పాఠము రాగయుక్తమైన పద్యము.

ఈ పద్యగానమును మన పండితులు చాలకాలము చులుకనగాఁ జూచిరి. ఇది సంగీతము కాదని విద్వాంసులనిరి. నాటకము కాదని నాట్యవేత్తలనిరి. కవిత్వమును రాగమున ముంచి చంపుటయే యని కవిపండితులనిరి. ఈ మూఁడాక్షేపణలలోను సత్యాంశము లేకపోలేదు. మూఁడవదానిని మాత్రము నే నంగీకరింపఁజాలను. ఈ వ్యాసము ముఖ్యముగా దాని కొఱకే.

ఈ గానము పుట్టిన విధమును క్లుప్తముగాఁ జెప్పెదను. ఉదయగిరిసీమకుఁ బడమట వెలిగొండల కావల, కడపమండలమందలి సురభిగ్రామమున 1885లో వనారస కుటుంబమువారు కీచకవధ నాడి నాటకసమాజమును స్థాపించిరి. ఇంచుమించుగా నాదశకముననే బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు తమ నాటకములలోఁ బాటలను జొప్పించిరి. ధార్వాడ, పారసీ నాటకసమాజములు తెచ్చిన హిందుస్థానీ వరుసలు వీనితోఁ గలసినవి. తిరుపతి వేంకటకవుల పాండవనాటకములును, 1912 నాఁటి బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్రయు వచ్చునప్పటికి మోహన, కాంభోజి, బిలహరులతోఁ బాటు భీంపలాసు, కాపి, బేహాగులును పల్లెవానికిఁ బరిచితములయ్యెను. పేరు తెలియకున్నను రాగము తెలిసెను. కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి, ఈలపాట రఘురామయ్య మున్నగువారు ఈ మార్గమునఁ బ్రసిద్ధులు. స్థానము నరసింహారావు సత్యభామపాత్రకై తానే రచించుకొని పాడిన పాట, 1966 నాఁటి శ్రీకృష్ణతులాభారము చలనచిత్రమునను నిలిచి నేఁటికిని వినఁబడుచున్నది. నటులు వట్టి గొంతులే గాక రచయితలు నైరని చెప్పుటకు ఇది చాలును.

బళ్లారి రాఘవవంటి మహానటుఁడు ఈ రాగాలాపనమును నిరసించెను. ఆయన పక్షమున న్యాయము కలదు. లోహితాస్యుఁడు పాము కఱచి పడియుండఁగాఁ జంద్రమతి పద్యమునకు సభవారు ‘ఒన్సుమోర్’ అనుటయు, ఆమె శోకమును మఱల మొదటినుండి యెత్తుకొనుటయు రసజ్ఞునకు రోఁత పుట్టింపక మానవు. దీనిని సమర్థింప నే నుద్యమింపలేదు. అయినను రాఘవ తీర్పు నటనకు సంబంధించినది. పద్యము విషయమున దానినే ప్రమాణముగాఁ గొనుట తగదు.

సంగీతవిద్వాంసుల యాక్షేపణకు ముఖ్యలక్ష్యము హార్మోనియము. ఈ వాద్యము మనది కాదు. పారిసునగరమున దెబేనను శిల్పి 1842లో దీనికిఁ బేటెంటు పొందెను. తరువాత కలకత్తాలో ద్వారకానాథఘోషు దీనిని చేతితిత్తితో వాయించునట్లు మార్చెను. మన నాటకములవారు మాత్రము కాళ్లతోఁ దొక్కు హార్మోనియమునే మిక్కిలిగా వాడిరి. అందువలన వాయించువానికి రెండుచేతులును స్వేచ్ఛగా నుండెను. ఇందలి లోహపుపీకలు ఒక్కొక్కటి యొక్కొక్క స్వరమునకే బద్ధములు. స్వరమునుండి స్వరమునకు జాఱుటయు, ఒక స్వరము నూఁచుటయు దీనికి సాధ్యము కాదు. గమకమే ప్రాణమైన మన సంగీతమునకు ఇది పెద్దలోపమే. ఈ కారణముననే లయొనెల్ ఫీల్డెన్ అధ్యక్షుఁడుగా నున్న కాలమున, 1940వ సంవత్సరము మార్చి 1వ తేదినుండి ఆకాశవాణి హార్మోనియమును నిషేధించెను. రవీంద్రనాథ ఠాకూరును దీనిని నిరసించినవారే. ఆ నిషేధము 1971లోఁ గొంత సడలెను, అదియుఁ బ్రక్కవాద్యముగా మాత్రమే.

అయినను నాటకశాలలో ఈ వాద్యము చేసిన పని వేఱు. ధ్వనివర్ధకయంత్రములు లేని దినములలో నటుని గొంతు పందిరి చివరనున్నవానికి వినఁబడవలెను. కాఁబట్టి యాతఁడు హెచ్చుశ్రుతిలోఁ బాడెను. ఆ శ్రుతిని రాత్రి యెల్ల నిలుపవలెను. నటుఁ డూపిరి తీసికొనునప్పుడు రాగము తెగిపోకుండ విడిచిన స్వరమును బట్టియుంచవలెను. తంబురకును వీణకును ఇది సాధ్యము గాదు. గాయకుఁడు స్వరము నూఁచి పాడుచుండఁగా, హార్మోనియము నిశ్చలముగా దానిక్రింద నిలుచుట పాఁతఫలకములలో స్పష్టముగా వినఁబడును. గమకము గొంతున నున్నది, ఆధారము పీకలో నున్నది. వాద్యమునకుఁ గల లోపమును గాయకునకుఁ గూడ నంటఁగట్టుట విమర్శకుల తొందరపాటు.

ఇఁక మూఁడవ యాక్షేపణ. రాగము పద్యమును మ్రింగివేయునా? ఇచ్చట ఛందోవిషయ మొకటి విచారింపవలసియున్నది. సంస్కృతమున యతి విచ్ఛేదము. అచ్చటఁ బదము తెగి నాలుక విశ్రమించును. తెలుఁగున యతి యక్షరమైత్రి. ఉత్పలమాలకుఁ బదవ యక్షరము, చంపకమాలకుఁ బదునొకండవది, శార్దూలమునకుఁ బదుమూఁడవది, మత్తేభమునకుఁ బదునాల్గవది పాదాద్యక్షరముతో మైత్రి కలిగియుండవలెనే గాని, అచ్చట మాట తెగవలెనని నియమము లేదు. ఒక్కొక్కప్పుడు యతిస్థానము దీర్ఘసమాసము నట్టనడుమఁ బడుచుండును. అట్లయినచోఁ దెలుఁగుపద్యమును జదువువాఁడు ఎచ్చట నాఁగవలెను? మన లక్షణగ్రంథములు గణములను లెక్కించును, మైత్రీవర్గములను బేర్కొనును. చదువువాని యూపిరిని బట్టించుకొనవు.

రంగస్థలగాయకుఁడు చేసి చూపినది దీనికి సమాధానము. మంచి గాయకుఁడు యతిస్థానమున నాఁగఁడు, అర్థము తెగినచోట నాఁగును. అయినను మైత్రిగల యక్షరముమీఁద గొంతు నించుక యెత్తి, యాగకయే దానిని జెవికిఁ దెలుపును. సీసపద్యమున దీర్ఘపాదమును రెండుసగములుగాఁ జేసి, రెండవసగమును మొదటిదానికి బదులు చెప్పినట్లు పాడును. ఎత్తుగీతి రాఁగానే నడక మార్చి వేగము హెచ్చించును. ఆలాపనమును పద్యము నడుమఁ గొంచెముగాను, తుదిపాదము ముగిసినపిమ్మట విస్తారముగాను ఉంచును. పద్యపు నిర్మాణము నెఱుఁగనివాఁడు ఇట్లు పాడఁజాలఁడు. సమాసమును రెండుముక్కలు చేసి నడుమ నిమిషమంత రాగము తీసిన గాయకులును గలరు. వారినిఁ జూచియే మన పండితులు తీర్పు చెప్పిరి. కావ్యములను దక్కువకవులనుబట్టి మనము నిర్ణయింపము గదా!

పాఠచరిత్రమునకును ఈ గానము సాక్ష్యమగును. బలిజేపల్లివారి హరిశ్చంద్రలోని కాటిసీనులో, ఆ నాటకమునకుఁ జెందని జాషువకవి శ్మశానపద్యములను బాడుట ఆచారమైనది. అచ్చుపుస్తకమున నవి లేవు. సభవారికి మాత్రము ఆ పద్యములు లేని హరిశ్చంద్ర హరిశ్చంద్రయే కాదు. ఒక కవి నాటకమున మఱియొక కవి ఖండిక యిట్లు స్థిరపడుట గ్రంథపాఠములను మాత్రమే పరిశీలించువారికిఁ గానరాని విషయము. అస్పృశ్యతాపీడనము ననుభవించిన కవి వ్రాసిన పద్యమును, ఆ యాచారమునే పాటించు నూళ్ల నడిబొడ్డున జనులు మఱల మఱల పాడించుకొనిరి. జాషువ కీర్తివ్యాప్తినిగూర్చి వ్రాయువారు ముద్రణములతోఁ బాటు ఈ పందిళ్లను గూడ లెక్కింపవలెను.

నిన్న నీచమన్నదానిని నేఁ డాదరించుట మనకుఁ గ్రొత్త గాదు. ధర్మపురి సుబ్బరాయాదుల జావళీలు ఒకప్పుడు సానిపాటలని త్రోసివేయఁబడినవి. వీణ ధనమ్మాళు కుటుంబమువారు వానిని గాపాడుటచేత నేఁడు పెద్దకచేరీల తుదిని గౌరవముగాఁ బాడఁబడుచున్నవి. 1952లో మంత్రి కేస్కరు కాలమున ఆకాశవాణి సినిమాపాటలను వెలివేయఁగా, శ్రోతలు సింహళపు రేడియోకు మరలిరి. 1957లో వివిధభారతిని స్థాపించి యా పాటలనే మఱల నాహ్వానింపవలసివచ్చెను. ఘంటసాల చలనచిత్రములలోఁ బాడిన పద్యములకు శ్రోతలేగాక పండితులును దలలూఁచిరి. రంగస్థలపు దీర్ఘాలాపనమును దగ్గించి, మైక్రోఫోనునకుఁ దగినట్లు గొంతు దించి పాడినను, ఆయన చేసినది యా మార్గముననే. కొమ్మను మెచ్చినవారు మొదటిని మఱచిరి.

సాక్ష్యమేమని యడిగిన, గ్రామఫోనుఫలకములే. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఈ లక్కఫలకము ఒకప్రక్క మూఁడునిమిషములకుఁ గొంచెము మించి పాడును. కాఁబట్టి ఫలకముమీఁది యాలాపనమును రంగస్థలమునందలి దానికి సరియని కొనరాదు. యంత్రము కొఱకు గాయకుఁడు కుదించినది యది. ఊపిరి యాఁపుచోటులు, పాఠభేదములు, రాగముల యెన్నిక మాత్రము నమ్మఁదగినవి. పరిశోధకులు ఒక్కొక్క ఫలకమునకు గాయకుని పేరు, కవిపేరు, రాగము, అచ్చుప్రతితోఁ గల భేదములు, పద్యమున నాఁగిన తావులు వ్రాసి యుంచవలెను. చీటికి వెలుపల లక్కమీఁద చెక్కిన సంఖ్య ముద్రణకాలమును నిర్ణయించుటకుఁ దోడ్పడును. ఈ పనికి వ్యవధి తక్కువ. లక్క పెళుసు, క్రిందఁ బడినఁ బగులును. ఉక్కుసూది పాడించిన ప్రతిపర్యాయమును గాడి నించుక యరగఁదీయును. అందుచేత జనులు మిక్కిలి మెచ్చి పలుమాఱులు పాడించుకొన్న పద్యములే మనకు మిక్కిలి యరిగిన ఫలకములమీఁద దొరకుచున్నవి. మెప్పు పొందనివి క్రొత్తవానివలె మ్రోఁగుచున్నవి.